మారిషస్ నుంచి వచ్చిన పంచదార పొట్లం

మొన్న సంక్రాంతికి మా చిన్నాన్న కొడుకు మారిషస్ నుంచి సెలవు మీద వచ్చాడు, అక్కడ ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మెషిన్లు రిపేరు చేసే పని వాడిది, మూడేళ్ల కాంట్రాక్టు. పిల్లలకి చాక్లెట్లు, మా అమ్మకి ఒక హ్యాండ్ బ్యాగు, మా నాన్నకి మాత్రం అర కేజీ పంచదార పొట్లం తెచ్చాడు. నలభై ఏళ్లు చెరకు వేసిన మనిషికి పంచదార తేవడమేంటా అనుకున్నాను. నాన్న పొట్లం మూల కత్తిరించి కాస్త అరచేతిలో పోసుకుని బొటనవేలితో నలిపి చూశాడు. ముదురు రంగు, తెల్ల పంచదారలా జారిపోకుండా తడితడిగా వేలికి అంటుకుంటోంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పెనం దించే ముందు గానుగ పాకలో ఏ వాసన వస్తుందో సరిగ్గా అదే వాసన. "ఇది పంచదారేట్రా, బెల్లం పొడి కదా" అన్నాడు. "అదే పెద్నాన్నా, మడ్డి, అదే ఆ నల్లపాకం, మొత్తం తియ్యకుండా కొంచెం ఉంచేత్తారు, దీన్ని యూరప్‌లో తెల్లదాని కన్నా ఎక్కువ రేటుకి కొంతారు" అన్నాడు వాడు. నాన్న ఇంకేమీ అనలేదు గానీ ఆ పొట్లం మూతి రబ్బరు బ్యాండుతో కట్టి, అమ్మకి ఇవ్వకుండా తన మందులు పెట్టుకునే అరలో పెట్టుకున్నాడు.

ఆ పొట్లం నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను విజయనగరంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పద్దులు చూస్తాను, పొద్దంతా అంకెలే. పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని మారిషస్ లెక్కలు చదవడం మొదలుపెట్టాను, చదువుతూ ఉంటే ఫిజీ తగిలింది, ఇక రెండూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోయాను. ఎందుకంటే ఈ రెండు దేశాలూ ఒకే పంటతో, చాలావరకు ఒకే రకం మనుషులతో, ఒకే పెద్ద కొనుగోలుదారుతో మొదలయ్యాయి, ఈరోజు ఫ్యాక్టరీల్లో పుట్టే సంపాదన చూస్తే మారిషస్‌ది ఫిజీకి రెండింతల పైనే ఉంది. ఎక్కడ దారులు విడిపోయాయో తెలుసుకోవాలనిపించింది, మా వైపు చెరకు ఫ్యాక్టరీ మూతపడ్డాక మరీను.

ముందు సైజు చెప్పుకోవాలి, లేకపోతే దీవి అనగానే ఏదో పెద్దగా ఊహించేసుకుంటాం. మారిషస్ మొత్తం 2,040 చదరపు కిలోమీటర్లు, జనాభా 12 లక్షల 60 వేల చిల్లర. మా పాత విజయనగరం జిల్లా 6,539 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో 23 లక్షల పైన జనం. అంటే నేలలో మాలో మూడో వంతు లేదు, మనుషుల్లో దాదాపు సగం. ఫిజీకి నేల ఎక్కువ, మూడొందలకి పైగా దీవులు కలిపి 18 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, జనం మాత్రం 9 లక్షలు. అంటే మారిషస్‌కి తొమ్మిది రెట్ల నేల ఫిజీది. చెరకు పండించుకునే దేశాలన్నాక ఎక్కువ నేల ఉన్నోడే కదా గెలవాలి, నాకైతే మొదట అలాగే అనిపించింది.

ఇక మనుషుల సంగతి, ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. 1834 నుంచి మారిషస్‌కి మన దేశం నుంచి కూలీలని ఓడల్లో ఎక్కించి తీసుకెళ్లారు, మొత్తం నాలుగున్నర లక్షల మంది దాకా. వాళ్లు దిగిన మెట్లు పోర్ట్ లూయీలో ఇంకా ఉన్నాయి, ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టారు. తెలుగు వాళ్లని అక్కడ కోరంగి వాళ్లు అనేవారు, మన కాకినాడ పక్క కోరంగి రేవు పేరు మీద. అప్పడు, అప్పన్న అనేవి అక్కడ ఇంటిపేర్లు అయిపోయాయి. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకునే వాళ్లు ఏ వైపు వాళ్లో మా జిల్లాల్లో ఎవర్ని అడిగినా చెప్తారు. మా తమ్ముడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఇంటిపేరు అలాంటిదేనంట, తెలుగు ఒక్క ముక్క సరిగా రాదు, అయినా ఉగాదికి వీడికి ఇంటి నుంచి భోజనం తెచ్చి పెట్టాడంట. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు.

ఫిజీకి ఇది కాస్త ఆలస్యంగా మొదలైంది. 1879 మే 14న లియోనిదాస్ అనే ఓడ చేరింది, 1916 దాకా 60 వేల మందికి పైగా వెళ్లారు, 1903 నుంచి మద్రాసు రేవులో ఎక్కించడం మొదలుపెట్టాక మన గోదావరి, కృష్ణా, విశాఖపట్నం జిల్లాల వాళ్లు కూడా అందులో ఉన్నారు. అప్పటి విశాఖపట్నం జిల్లా అంటే ఇప్పటి విజయనగరం కూడా అందులోదే. ఐదేళ్ల అగ్రిమెంటు, ఆ మాట నోరు తిరక్క గిర్మిట్ అయింది, ఇప్పటికీ వాళ్ల చరిత్రకి అదే పేరు.

అయితే నేను చెప్పాలనుకున్నది లెక్క గురించి. ఒక దేశం తయారీ ఎంత అంటే చాలామంది ఎన్ని టన్నులు, ఎన్ని చొక్కాలు అని చూస్తారు. మా ఆఫీసుకి వచ్చే వ్యాపారులు కూడా అంతే, టర్నోవర్ చెప్పి గర్వపడతారు, మిగిలిందెంత అంటే నవ్వి ఊరుకుంటారు. దేశాల లెక్కలో అసలు చూడాల్సింది అమ్మిన ధరలోంచి బయట కొన్న సరుకు ఖర్చు తీసేస్తే ఆ ఫ్యాక్టరీలో, ఆ నేల మీద కొత్తగా పుట్టిన విలువ ఎంత అని. పది డాలర్ల చొక్కాకి గుడ్డ చైనా నుంచి, గుండీలు ఇంకోచోటి నుంచి, దారం మరోచోటి నుంచి వస్తే దేశానికి మిగిలేది కుట్టుకూలీ, దాని మీద కాస్త లాభం. అదే మా శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు చూడండి, వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చెయ్యడం దగ్గర్నుంచి, గింజ తియ్యడం, ఏకడం, వడకడం, నెయ్యడం అన్నీ ఆ చుట్టుపక్కలే అవుతాయి, గుడ్డలో ప్రతి రూపాయీ ఇక్కడ పుట్టిందే. మా అత్త ఒకావిడ ఆ దవడతో దూది దువ్వుతుంటే చిన్నప్పుడు గంటలు గంటలు చూసేవాణ్ణి, సన్నటి పళ్లు దువ్వెనలాగా ఉంటాయి, దూదిలో ఉన్న నలక మొత్తం లాగేసి పొగమంచులాంటిది వదులుతుంది. కాకపోతే ఒక పంచె వెనక ఎన్ని రోజులు పడతాయో, ఎంతమందికి కూలి పడుతుందో అది వేరే బాధ. విలువ మొత్తం మనదే అయినా సరుకు గుప్పెడు, సరుకు బోలెడు అయినా మనకి మిగిలేది గుప్పెడు, ఈ రెంటి మధ్య ఎక్కడ నిలబడాలి అనేదే చిన్న దేశాల కష్టం.

2023 నాటికి మారిషస్ మొత్తం జీడీపీ 1,400 కోట్ల డాలర్ల పైన, ఫిజీది 550 కోట్ల డాలర్ల దరిదాపు. రెండింట్లోనూ తయారీ వాటా పది శాతానికి కాస్త పైనే. శాతం చూస్తే ఇద్దరూ ఒకటే అనిపిస్తుంది, కానీ పెద్ద కుండలో పదో వంతు వేరు, చిన్న కుండలో పదో వంతు వేరు. ఇంకో సంగతి, మారిషస్‌లో ఒకప్పుడు ఈ వాటా ఇరవై శాతం దాటి ఉండేది, ఇప్పుడు తగ్గింది, ఫ్యాక్టరీలు కుప్పకూలి కాదు, మిగతావి, అంటే టూరిజం, బ్యాంకులు, ఆఫీసు పనులు అంతకన్నా వేగంగా పెరిగి. వాటా తగ్గడం అన్నిసార్లూ చెడ్డది కాదని అక్కడ అర్థమైంది నాకు.

దారులు విడిపోయింది నేల దగ్గర అని నా అభిప్రాయం. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు ఈ విషయంలో మా ఊరే కళ్ల ముందు కనపడింది.

మారిషస్‌లో పెద్ద ఎస్టేట్లు ఫ్రెంచి వంశాల చేతుల్లో ఉండేవి, ఇప్పటికీ చాలా ఉన్నాయి. కానీ 1880ల తర్వాత పంచదార రేటు పడిపోయినప్పుడు ఎస్టేట్ల వాళ్లు పనికిరాదనుకున్న రాళ్ల నేలల్ని ముక్కలు చేసి అమ్మారు, కూలీలుగా వచ్చిన మన వాళ్లు ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బుతో అవి కొనుక్కున్నారు. ఆ నేల అగ్నిపర్వతం రాయి, చెరకు నాటాలంటే ముందు రాళ్లు ఏరాలి. ఇప్పటికీ తోటల మధ్యలో ఆ నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి, మా తమ్ముడు ఫోటో పంపించాడు, చెరకు కన్నా ఎత్తు ఉన్న రాళ్ల కుప్ప, చేత్తో పేర్చినట్టు తెలిసిపోతుంది. ఎవడో అప్పడు, ఎవడో అప్పన్న ఎత్తి పెట్టిన రాళ్లు. ఎకరమో అరెకరమో, పట్టా వాళ్ల పేరు మీద. దాన్ని అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టొచ్చు, పిల్లల్ని చదివించొచ్చు.

ఫిజీలో అలా జరగలేదు. అక్కడ నేలలో 87 శాతం దాకా అక్కడి మూలవాసుల తెగలది, అమ్మడానికి వీల్లేదు, అది వాళ్ల పూర్వీకుల నేల, వాళ్ల హక్కు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆస్ట్రేలియా వాళ్ల సీఎస్ఆర్ కంపెనీ మొదట తనే పెద్ద తోటలు నడిపించి, గిర్మిట్ అయిపోయాక పదేసి ఎకరాల ముక్కలు చేసి మన వాళ్లకి కౌలుకి ఇచ్చింది. తర్వాత చట్టం వచ్చి ముప్పై ఏళ్ల కౌలు అయింది. ముప్పై ఏళ్లు అంటే చాలా అనిపిస్తుంది గానీ 1997 నుంచి ఆ కౌళ్లు వరసగా ముగియడం మొదలైతే వేల కుటుంబాలు ఇల్లు, తోట వదిలి ఊరి చివర గుడిసెల్లోకి వెళ్లాల్సొచ్చింది. కౌలు ఇంకా మూడేళ్లే ఉందంటే ఎవరు కొత్త మొక్క నాటుతారు చెప్పండి. పాత కార్శినే, అంటే కోసిన మోళ్ల నుంచి మళ్లీ లేచే పంటనే, లాక్కుంటూ పోతారు, మూడో కార్శి, నాలుగో కార్శి, దిగుబడి ఏటేటా పడిపోతుంది. మా ఊళ్లో కౌలు రైతులు చేసేది కూడా అచ్చం ఇదే, వాళ్లని తప్పు పట్టలేం. 1994లో ఫిజీ 5 లక్షల టన్నులకి పైగా పంచదార చేసింది, ఇప్పుడు లక్షన్నర టన్నుల అటూ ఇటూ. మిల్లు మెషిన్ల గురించి ఎంత చెప్పినా ముందు తోటలో చెరకు ఉండాలి కదా.

మిల్లులు బాగుచెయ్యాలని చూడకపోలేదు. మన దేశపు ఎగ్జిమ్ బ్యాంకే దాదాపు 5 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది, మన కంపెనీలే వెళ్లి పని చేశాయి, అనుకున్న ఫలితం రాలేదు, బ్రేక్‌డౌన్లు ఆగలేదు. దానికి తోడు కుట్రలు, అంటే ఎన్నికైన ప్రభుత్వాన్ని బలవంతంగా కూల్చెయ్యడం. 1987లో ఒకే ఏడాదిలో రెండుసార్లు సైన్యం గద్దె ఎక్కింది, 2000లో తుపాకులు పట్టుకున్న ఒక ముఠా పార్లమెంటులోకి చొరబడింది, 2006లో మళ్లీ సైన్యమే. 1987 తర్వాత చదువుకున్న భారతీయులు, అకౌంటెంట్లు, డాక్టర్లు, ఇంజినీర్లు వేలమంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లిపోయారు. మెషిన్ కొనుక్కోవచ్చు, మెషిన్ సంగతి తెలిసిన మనిషి వెళ్లిపోతే ఏం కొంటాం.

పంచదార విషయంలో రెండు దేశాలకీ ఒక అదృష్టం పట్టింది. 1975లో లోమే ఒప్పందం కింద యూరప్ వాళ్లు కొన్ని పాత వలస దేశాల నుంచి కోటా ప్రకారం పంచదార, ప్రపంచ మార్కెట్ రేటుతో పని లేకుండా హామీ రేటుకి కొంటామన్నారు, ఆ రేటు చాలా ఏళ్లు మార్కెట్ కన్నా రెండింతలు మూడింతలు ఉండేది. మారిషస్‌కి సుమారు 5 లక్షల టన్నుల కోటా, అందరికన్నా పెద్దది. ఫిజీకి లక్షా 65 వేల టన్నులు. మన ఇండియాకి కూడా వేరే ఒప్పందం కింద ఇచ్చారు, తర్వాత్తర్వాత అది 10 వేల టన్నులు.

ఆ డబ్బుతో ఏం చేశారన్నదే అసలు తేడా. మారిషస్‌ని 1960ల్లో ఎవరూ నమ్మలేదు. జేమ్స్ మీడ్ అని, తర్వాత 1977లో నోబెల్ వచ్చిన ఆర్థికవేత్త, ఈ దీవి జనం పెరిగిపోతున్నారు, పని లేదు, భవిష్యత్తు కష్టం అని రాసిపెట్టాడు. 1968లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఊళ్ల నిండా నిరుద్యోగులే. అప్పుడు ఎడ్వార్డ్ లిమ్ ఫాట్ అనే ప్రొఫెసర్ తైవాన్, పోర్టో రికో లాంటి చోట్ల ఎగుమతి జోన్లు, అంటే బయటికి పంపే సరుకు చేసే ఫ్యాక్టరీలకి రాయితీలిచ్చే చోట్లు, చూసొచ్చి మనమూ పెడదామన్నాడు, 1970లో చట్టం చేశారు. గోడ కట్టి ఒక చోట పెట్టలేదు, దీవి మొత్తం జోనే, ఏ ఊళ్లో ఫ్యాక్టరీ పెట్టినా రాయితీ వర్తిస్తుంది. హాంకాంగ్ వాళ్లు వచ్చారు నిజమే, కానీ పెట్టుబడిలో దాదాపు సగం స్థానికులదే, అది ఎక్కడిదంటే పంచదార డబ్బు. ఎస్టేట్ల కుటుంబాలే స్వెట్టర్ల ఫ్యాక్టరీలు పెట్టాయి. పట్టుమని ఒక గొర్రెల మంద లేని దీవి ప్రపంచంలో ఊలు స్వెట్టర్లు ఎక్కువగా పంపే చోట్లలో ఒకటైంది. 1990ల నాటికి 90 వేల మందికి పని, ఎక్కువ మంది ఆడవాళ్లు, పొద్దున్న ఇంటి నుంచి దగ్గర్లో ఉన్న ఫ్యాక్టరీకి పోయి సాయంత్రం వచ్చేసేవాళ్లు. జీతాలు గొప్పవేం కావు, మొదట్లో ఆడవాళ్లకి మగవాళ్ల కన్నా తక్కువ కనీస కూలి పెట్టారు, అది అన్యాయమే, ఎనభైల మధ్య దాకా సాగింది. అయినా పని ఇంటి దగ్గర ఉండటం ఎంత తేడానో నాకు తెలుసు. మా మేనకోడలు అచ్యుతాపురం వైపు బట్టల పని చేస్తుంది, శ్రీలంక నుంచి బ్రాండిక్స్ వాళ్లు వచ్చి పెట్టిన పెద్ద పార్కు అటే ఉంది, మా వైపు నుంచి ఎంతోమంది ఆడపిల్లలు అటు వెళ్తారు. హాస్టల్లో ఉంటుంది, పండగకి వస్తే రెండు రోజులు నిద్రే. అదే ఫ్యాక్టరీ మా బొబ్బిలిలోనో రాజాంలోనో ఉంటే వాళ్లమ్మ చేతి అన్నం రోజూ తినేది.

ఫిజీ కూడా బట్టల్లోకి దిగింది, కానీ ఎప్పుడు? 1987 కుట్రల తర్వాత, తన ఫిజీ డాలరు విలువ తగ్గించుకుని, ఉన్నవాళ్లు వెళ్లిపోతుంటే ఆపలేక, పదమూడేళ్ల పాటు పన్ను లేకుండా ఫ్యాక్టరీలకి అవకాశం ఇచ్చి. 1981 నుంచి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఫిజీ సరుకుని సుంకం లేకుండా రానిస్తున్నాయి, అది ఆధారం. సువా, లౌతోకాల్లో షెడ్లు వెలిశాయి, 2000 నాటికి ఇరవై వేలకి దగ్గరగా పని, ఒక దశలో బట్టల ఎగుమతి పంచదారతో సమానంగా వచ్చింది. అంతలో 2000 కుట్ర. ఆర్డర్ ఇచ్చేవాడికి సీజన్ మిస్సవకూడదు, క్రిస్మస్ సరుకు జనవరిలో వస్తే ఏం చేసుకుంటాడు. పైగా ఏ దేశం ఎన్ని బట్టలు పంపొచ్చో కట్టడి చేసే ప్రపంచ బట్టల కోటా విధానం 2004తో ముగిసింది, చైనా తలుపులు తెరుచుకున్నాయి, ఫిజీ నుంచి అమెరికాకి కుట్టే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి.

మారిషస్‌కీ ఆ దెబ్బ గట్టిగానే తగిలింది, పావు వంతుకి పైగా ఉద్యోగాలు పోయాయి, హాంకాంగ్ వాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. కానీ స్థానికుల డబ్బుతో పెట్టినవి చాలావరకు నిలబడ్డాయి, తక్కువ రకం కుట్టుని పక్కనున్న మడగాస్కర్‌కి పంపి, ఖరీదైన రకం ఇక్కడ ఉంచుకున్నారు, నూలు వడకడం కూడా దీవిలోనే పెట్టుకున్నారు. సొంత ఊరోడు పెట్టిన షెడ్డు కష్టం వస్తే సర్దుకుంటుంది, బయటోడు పెట్టినది కంటైనర్లోకి ఎక్కేస్తుంది, ఇది నా మాట.

తర్వాత పంచదార రేటు వంతు. 2006లో యూరప్ వాళ్లు హామీ రేటుని నాలుగేళ్లలో 36 శాతం కోసేస్తామన్నారు, 2009 సెప్టెంబరుతో ఆ ఒప్పందమే అయిపోయింది. మారిషస్ ఏం చేసిందంటే ఒకప్పుడు రెండొందలకి పైన ఉన్న మిల్లుల్ని, అప్పటికే పదకొండుకి వచ్చినవాటిని, ఇంకా కుదించి మూడు పెద్ద మిల్లులకి తెచ్చింది. పని పోయిన కూలీలకి డబ్బు, ఇంటి స్థలం ఇచ్చి పంపించారు. ముడి పంచదార పంపడం తగ్గించి అక్కడే శుద్ధి చేసే రిఫైనరీలు పెట్టుకున్నారు, నాన్న చేతిలో పోసుకున్న ఆ ముదురు రకాలు విడిగా చేసి అమ్మడం పెంచారు. టన్నులు చూస్తే మారిషస్ కూడా పడిపోయింది, 1973లో 7 లక్షల టన్నుల పైన చేసినవాళ్లు ఇప్పుడు రెండున్నర లక్షల దగ్గర ఉన్నారు. ఒక్కో టన్నులోంచి పిండుకునేది పెరిగింది. పిప్పిని పెద్ద బాయిలర్లలో కాల్చి కరెంటు చేసి దేశానికి అమ్ముతారు, దీవి మొత్తం కరెంటులో పదో వంతుకి తగ్గని భాగం చాలా ఏళ్లు చెరకు పిప్పిదే. ఫిజీకి కూడా యూరప్ అదే సమయంలో సర్దుకోడానికి డబ్బు ఇస్తానంది, 2006 డిసెంబరులో కుట్ర జరిగింది, ఆ డబ్బు ఆపేశారు. సరిగ్గా అవసరమైన వేళకి.

ఫిజీలో బాగా నడిచేది కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. నీళ్లు. వీతీ లెవు దీవిలో యంగారా అనే చోట భూమి లోపలి నీటిని సీసాల్లో పట్టి 1996 నుంచి ఫిజీ వాటర్ అని అమెరికాకి పంపుతున్నారు, ఇప్పుడు ఎగుమతుల్లో పంచదారని దాటిపోయింది. వందేళ్లకి పైగా దేశాన్ని మోసిన చెరకు కన్నా సీసాలో నీళ్లు ఎక్కువ తెస్తున్నాయి. చేపలు కూడా, లెవుకాలో 1960ల నుంచి ట్యూనా ఫ్యాక్టరీ ఉంది. కానీ నీళ్ల ఫ్యాక్టరీలో పనిచేసేది వందల్లో, చెరకు మీద బతికేది లక్షల్లో. పైగా ఆ బ్రాండు యజమానులు అమెరికా వాళ్లు. అంకెల్లో తయారీ నిలబడినట్టే ఉంటుంది, చెరకు పండే బా, లంబాసా ఊళ్లలో మాత్రం తోటలు పడావు పడుతున్నాయి.

తుపాన్లు ఇద్దరికీ ఉన్నాయి, మాకూ ఉన్నాయి. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుపాను ఫిజీని కొట్టింది, 44 మంది పోయారు, రాకిరాకిలో పెనాంగ్ మిల్లు దెబ్బతింది, మళ్లీ తెరవలేదు. నాకు 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ గుర్తొచ్చాయి. హుద్‌హుద్ అప్పుడు మా తోట జడచుట్లు వేసి ఉంది, గెడలన్నీ కలిపి ఆకుతో మెలితిప్పి కట్టేస్తారు పడిపోకుండా, అయినా తెల్లారి చూస్తే దువ్విన జుట్టులా ఒకే పక్కకి పడుకుంది మొత్తం. పడిన చెరకుకి రికవరీ, అంటే దాన్లోంచి వచ్చే పంచదార పాలు, తగ్గుతుంది, ఎలకలు తింటాయి, కోత కూలి పెరుగుతుంది. ఆ ఏడాది నాన్న ఫ్యాక్టరీకి తోలిన ప్రతి లోడు తూకం చీటీ దాచాడు, ఇప్పటికీ ఇనప్పెట్టెలో ఉన్నాయి, పచ్చ కాగితాలు, ఇంకు వెలిసిపోయి టన్నులు మాత్రం కనపడుతున్నాయి.

ఆ ఫ్యాక్టరీ తర్వాత కొన్నేళ్లకి ఆగిపోయింది. రెండు సీజన్ల డబ్బు రైతులకి రావాల్సి ఉండగానే. ఎవరిది తప్పు అనేది రాయను, తిరగని ఆఫీసు లేదు, పెట్టని అర్జీ లేదు, సగం వచ్చింది, సగం రాలేదు. ఊళ్లో సగం మంది మొక్కజొన్నకి మళ్లారు, కొందరు నేల సరుగుడుకి ఇచ్చేసి హైదరాబాదు, చెన్నై వెళ్లిపోయారు. నా బాధ మూతపడినందుకు కాదు, మిల్లులు మారిషస్‌లో మా కన్నా ఎక్కువ మూతపడ్డాయి. అక్కడ చెరకు డబ్బు ఆడుతున్న రోజుల్లోనే దాని తర్వాతి పని పెట్టుకున్నారు, మూసేరోజుకి కూలీకి వెళ్లడానికి ఇంకో గేటు ఉంది. మా దగ్గర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ నడిచింది, ఆగిన రోజు పక్కన ఇంకేం లేదు, విశాఖ వెళ్లే ప్యాసింజర్ తప్ప.

మారిషస్‌ని నెత్తిన పెట్టుకోవాలని కూడా కాదు. అక్కడి పిల్లలు ఇప్పుడు కుట్టు పనికి రావడం లేదు, చదువుకుని ఆఫీసులకి వెళ్తున్నారు, అందుకే బంగ్లాదేశ్, మడగాస్కర్, మన దేశం నుంచి కాంట్రాక్టు మీద తెచ్చుకుంటున్నారు. మా తమ్ముడు ఉండేది ఫ్యాక్టరీ డార్మిటరీలో, గదికి ఎనిమిది మంది, కాంట్రాక్టు రాసిన కంపెనీ మారడానికి అంత తేలిగ్గా కుదరదు. నూట తొంభై ఏళ్ల కిందట ఐదేళ్ల అగ్రిమెంటు, ఇప్పుడు మూడేళ్ల కాంట్రాక్టు. వాడు ఫోన్ చేసుకోగలడు, సెలవుకి రాగలడు, జీతం బ్యాంకులో పడుతుంది, అవి చిన్న తేడాలు కావు. కానీ ఒక దేశం తయారీ లెక్కలో ఎవరి చేతులు ఉన్నాయో కూడా చూడాలి కదా, వాడి చేతులు మారిషస్ లెక్కలో ఉన్నాయి, మా జిల్లా లెక్కలో లేవు.

వాడు తిరిగి వెళ్లాక ఒక ఆదివారం వీడియో కాల్ చేశాడు. నాన్న ఫోన్ లాక్కుని, ఎప్పట్నుంచో అడగాలనుకున్నట్టు, "ఒరే, ఆ సూపర్‌వైజర్ వాళ్లకి చెరకుందన్నావు కదా, తూకం అయినాక డబ్బులు ఎలాగిత్తారో అడుగు" అన్నాడు. వాడు ముందే అడిగి ఉంచాడు. చెరకు టన్నుకి ఇంత అని రేటు కాదంట పెద్నాన్నా, ఆ చెరకులోంచి వచ్చిన పంచదారలో నూటికి 78 పాళ్లు రైతుది, 22 మిల్లుది, అమ్మినాక వచ్చిన రేటు బట్టి వాయిదాల్లో ఇస్తారంట అన్నాడు. నేను పక్కనుంచి ఫిజీ సంగతి కలిపాను, అక్కడ కూడా పంపకమే, 1970 ప్రాంతంలో డెన్నింగ్ అనే ఇంగ్లీషు జడ్జి రైతుకి 65 పాళ్లు ఇవ్వాలని తీర్పు చెప్తే మాకు గిట్టదని సీఎస్ఆర్ కంపెనీ 1973లో దేశం వదిలి వెళ్లిపోయింది, తర్వాత మిల్లులు ప్రభుత్వం తీసుకుంది, రైతు వాటా 70 అయింది అని.

నాన్న కాసేపు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"మరి మడ్డి?"

"మడ్డికీ ఇత్తారంట."

"పిప్పి?"

"పిప్పికి కూడా ఇత్తారు పెద్నాన్నా, కరెంటు సేత్తారు కదా, అందులో రైతుకి లెక్క కడతారు."

నాన్న ఫోన్ నా చేతికి ఇచ్చేశాడు. లోపల అమ్మ బియ్యం ఏరుతోంది, గుమ్మం దాకా వెళ్లి నిలబడి, "పిప్పికి కూడా ఇత్తారంటే" అని చెప్పాడు ఆవిడకి.